బత్తీలు లేని డబ్బా

నేను ఒక ప్రాసెసర్‌ని. అగ్గిపెట్టె కన్నా చిన్నదాన్నే, అయినా కంప్యూటర్‌లో ఆలోచించేది నేనే. ఇసుకతో ఇళ్లు కట్టుకునే మనుషులే, దాన్ని కరిగించి, శుద్ధి చేసి నాకు లెక్కలు నేర్పారు. అందుకు వాళ్లంటే గౌరవం ఉంది. కొనే వేళకు మాత్రం వాళ్ల చూపు రంగుల లైట్ల మీదికే పోతుంది.

నేను సికింద్రాబాద్‌లో ఒక దుకాణం అద్దాల బీరువాలో ఉండగా జగిత్యాల నుంచి ఇద్దరు వచ్చారు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సులోచన, ఫొటోలు తీసే ఆమె భర్త కొమురయ్య. వాళ్ల పాత కంప్యూటర్ చచ్చిపోయింది. మర్నాడు సాయంత్రం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేయాల్సిన వీడియో ఇంకా సగంలోనే ఉంది. అది అందకపోతే ఊళ్లో స్టూడియో పరువు పోతుంది.

తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు ఒకటి రంగుల లైట్లతో మెరుస్తుంటే, కొమురయ్య దాని ముందు ఆగిపోయాడు. "బత్తీలున్నదే తీస్కుందాం. గిరాకికొచ్చినోళ్లు నోరెళ్లబెట్టాలె."

"కార్డుంటే చాలన్నా, సొంతంగ బొమ్మ చూపెట్టని ప్రాసెసర్ అగ్గువకొస్తది" అన్నాడు దుకాణదారు.

సులోచన ఒప్పుకోలేదు. "కార్డు నీ ముచ్చటకు తీస్కో. ప్రాసెసర్ మాత్రం బొమ్మ చూపెట్టేదే గావాలె. రేపు కార్డు ఖరాబైతే నల్ల తెర ముందట కూసోవాల్నా?" అంటూ నన్ను చేతిలోకి తీసుకుంది. అంత గర్వం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

కొత్త బండికైనా, కొత్త మిషన్‌కైనా కొబ్బరికాయ కొట్టనిదే ఆ ఇంట్లో పని మొదలుకాదు. తెల్లారి పాత డిస్కుతో సహా మమ్మల్నందరినీ కొత్త డబ్బాలో బిగించాక కొమురయ్య డబ్బాకు బొట్టు పెట్టాడు. లైట్లు అందరికీ కనబడాలని పక్క మూత తీసి, కరెంటు వేసి, సరిగ్గా దాని ముందే కాయ కొట్టాడు. నీళ్లు చిమ్మి కార్డు మీద పడ్డాయి. లైట్లు ఆరిపోయాయి, తెర నల్లబడింది.

"అయ్యో, ఎంత పని చేస్తి!" అంటూ కొబ్బరిచిప్పలతో అలాగే నిలబడిపోయాడు.

సులోచన అరవలేదు. కరెంటు తీసేసి, కార్డు ఊడబీకి, లోపలంతా తుడిచి ఆరబెట్టింది. తెర వైరును నాతో కలిపే చోట గుచ్చి మీట నొక్కింది. నేను తెర వెలిగించాను.

ఇక ఆ పూటంతా వేడెక్కాను, నెత్తిన పంకా రొద పెట్టింది, కానీ ఒక్కసారీ ఆగలేదు. వీడియో వేళకు అందింది. పెళ్లికూతురు తనను తెర మీద చూసుకుని ఏడ్చి, నవ్విందట.

కార్డు మళ్లీ వెలగలేదు. ఇప్పుడు కాయ గడప బయటే కొడతారు. మొన్న ఒకాయన వచ్చి, "మీ డబ్బాకు బత్తీల్లేవా?" అని అడిగాడు.

"బత్తీలెందుకన్నా, మా ఇంట్ల దిమాగున్నది" అన్నాడు కొమురయ్య.

నేను పొంగిపోయాను. ఎవరి తెలివి గురించి అన్నాడో తెలియదు, సులోచన మాత్రం ముసిముసిగా నవ్వింది. పోనీ, చెరి సగం.