కిటికీ పక్క చోటు

జీడినూనె మరక ఎలాంటిదో తెలియనివాళ్ళు నన్ను పిలిచి "పూట పనేగా ఖలీలూ" అంటారు. అలాంటివాళ్ళ చేతికి నా నీళ్ళ మిషన్ గన్ను ఇచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలని ఉంటుంది నాకు. గింజలోంచి కారిన నూనె సిమెంటు మీద పడితే మొదట గోధుమరంగులో ఉంటుంది. వారానికి నల్లబడుతుంది. ఏళ్ళు గడిస్తే నేలకి ఇంకో చర్మం మొలిచినట్టే. చేతికి తగిలితే పొక్కుతుంది.

అంకమ్మరావు గారు కూడా అదే మాట అన్నారు, పూట పనేగా అని. వేటపాలెంలో ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటింది. వచ్చే జూన్ నుంచి అందులో ఇంగ్లీషు మీడియం బడి నడుపుతారట. పసిపిల్లలు కూర్చునే నేల, నల్లమచ్చ ఒక్కటి కూడా మిగలకూడదన్నారు. బుధవారం మొదలుపెట్టి శుక్రవారానికి ముగించాలి, శనివారం సున్నాలవాళ్ళు వస్తారు.

ఇంకెవరైనా అయితే "మూడు రోజుల్లో మీరే కడుక్కోండి" అని ఫోను పెట్టేసేవాణ్ణి. ఆయనకి మాత్రం వెంటనే సరేనన్నాను. ఎందుకంటే ఆ హాల్లో నా భార్య సిద్దికా పదకొండేళ్ళు కూర్చుని గింజలు కొట్టింది. ఆ పదకొండేళ్ళలో నేను ఒక్కసారి కూడా లోపలికి అడుగుపెట్టలేదు. ఆడవాళ్ళు గింజలు కొట్టే హాల్లోకి మేస్త్రీ తప్ప మగవాడెవడూ పోకూడదు. భర్తలం సాయంత్రం గేటు బయట సైకిళ్ళ మీద ఒక కాలు కింద ఆనించి నిలబడేవాళ్ళం. లోపల తన చోటు ఎక్కడో నాకు తన నోటి మాటగానే తెలుసు. రెండో ఏడు ఒకరోజు గేటు దాటి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏమయ్యా, నాకు కిటికీ వచ్చింది. మేస్త్రీ ఇచ్చాడు. రేపట్నుంచి గాలికి కూర్చుంటా" అంది. ఆ రోజు చీరాల తీసుకెళ్ళి మిరపకాయ బజ్జీలు తినిపించాను.

సిద్దికా కువైట్ వెళ్ళి నాలుగేళ్ళు కావస్తోంది. ఒక ఇంట్లో పని. మొదటి ఏడాది పంపిన డబ్బుతోనే ఈ ప్రెషర్ మిషన్ కొన్నాను. "ఇంక బకెట్టు పట్టుకుని లారీల కింద దూరమాకు" అని తనే కొనమంది. రెండేళ్ళకని వెళ్ళి, కాగితాలు మరో రెండేళ్ళకు రాయించింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి నేను వచ్చేసరికి ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నావంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "నాకేంది, ఏసీ గది. మేడమ్ మంచిది."

ఈ పనికి ముందటి శుక్రవారం మాత్రం కొత్త మాట అంది. "మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమంటోంది. ఏం చెయ్యమంటావు?"

"నీ ఇష్టం," అన్నాను.

నోట్లో ఉన్న మాట అది కాదు. వచ్చెయ్ అని అనాలి. నాలుగేళ్ళుగా ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. నాకు బెట్టు ఎక్కువ. రావాలనుకునే మనిషి వస్తానంటుంది గానీ, ఏం చెయ్యమంటావని అడుగుతుందా? ఏసీ గదికి అలవాటు పడిన ఆడది నా రేకుల ఇంటికి ఎందుకొస్తుంది? ఇదీ నా లెక్క. తను "సరే, వచ్చే శుక్రవారం చేస్తా" అని పెట్టేసింది. ఆ వారమంతా అన్నం సయించలేదు. ఈసారి ఫోన్ వస్తే బెట్టు పక్కన పెట్టి చెప్పెయ్యాలని రోజుకి పదిసార్లు అనుకున్నాను, పదిసార్లూ మళ్ళీ నాకే కోపం వచ్చింది.

బుధవారం పొద్దున అంకమ్మరావు గారే తాళం తీశారు. ఫ్యాక్టరీకి కాపలా ఉండే జయకుమారి పర్చూరులో అక్క ఇంటికి వెళ్ళిందట. హాలు పొడవుగా ఉంది. పడమటి గోడకు, గింజలు కాల్చే కాల్పు షెడ్డు తలుపు. తూర్పు గోడకు ఒకే ఒక్క కిటికీ, సముద్రం వైపు. నేలంతా నలుపు. ఆ నలుపులో రెండు వరసలుగా బూడిదరంగు ఖాళీలు. ఒక్కో ఖాళీ ఒక్కో మనిషి కూర్చున్న చోటు. గోనెసంచి మడత వేసుకుని కూర్చుంటే దాని కిందికి నూనె పోలేదు, చుట్టూ పేరుకుపోయింది. మనుషులు లేచి వెళ్ళిపోయారు, చోట్లు మాత్రం కూర్చునే ఉన్నాయి.

నేల వాలు కిటికీ వైపు ఉంది కాబట్టి పడమటి నుంచి మొదలుపెట్టాలి. అక్కడికీ ముందు కిటికీ దగ్గరికి పోయి చూడాలనిపించింది. చూస్తే ఇక పని సాగదని తెలుసు, అందుకే తల ఎత్తకుండా పనిలో పడ్డాను. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళు పోసి అరగంట నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, అప్పుడు గన్ను పట్టాలి. గన్ను మూతికి బిగించే నాజిళ్ళు నాలుగు ఉంటాయి. తెల్లది, ఆకుపచ్చది నీళ్ళని విసనకర్రలా పరుస్తాయి. పసుపుది కాస్త గట్టిది, జానెడు ఎత్తులో పట్టుకుని ఆగకుండా కదిలిస్తే మరక లేస్తుంది, నేల ఉంటుంది. ఎర్రది తీగలా సన్నగా కొడుతుంది. దాన్ని ఒకచోట ఆపితే పైన పూసిన సిమెంటు పాలు లేచిపోయి కంకర బయటపడుతుంది, ఇక ఎవడూ బాగుచెయ్యలేడు. కొత్తవాళ్ళు ముందు ఎర్రదే బిగిస్తారు. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప దాని జోలికి పోను.

ఆ రోజు పోవాల్సొచ్చింది. కాల్పు షెడ్డు తలుపు పక్కనే ఒక చిన్న చోటు, పీట పట్టేటంత. దాని చుట్టూ నలుపు వేలి మందాన ఉంది. సోడా రెండుసార్లు పోశాను. పసుపు నాజిల్‌తో భుజం లాగేదాకా కొట్టాను. కదల్లేదు. కాల్చిన గింజలు వేడివేడిగా ముందు అక్కడే కుమ్మరించేవాళ్ళు కాబోలు, పొగ కూడా పట్టి గోడ నడుము ఎత్తు దాకా మసిబారింది. "ఎవరో గానీ మహాతల్లి, నూనెలోనే కాపురం చేసినట్టుంది" అని విసుక్కుని ఎర్ర నాజిల్ బిగించాను. అది గీసుకుంటూ పోయింది. నలుపూ పోయింది, మధ్యలో ఉన్న చిన్న చోటూ పోయింది. కంకర పళ్ళు బయటపడ్డాయి. బడిపిల్లలు అక్కడ కూర్చుంటే తొడలు గీరుకుంటాయని, సిమెంటు పూత వెయ్యమని చెప్పాలనుకుని ముందుకు జరిగాను.

గురువారం సాయంత్రానికి కిటికీ దగ్గరికి వచ్చాను. మిషన్ ఆపేశాను.

కిటికీ కింద ఒకే చోటు. మడత సంచి పరిచినంత పలక, దాని పక్కన చాపిన కాలు పొడవునా బూడిదరంగు పట్టీ, ముందు రాయి పెట్టుకుని సుత్తితో కొట్టీ కొట్టీ అరిగిన గుంట. బూట్లు విప్పి అందులో కూర్చున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఒక కాలు మడిచి, ఒక కాలు పట్టీ మీద చాపాను. దాదాపు నా కాలంత ఉంది. సిద్దికా నా భుజం కిందికి వస్తుంది, ఇంత పొడుగు కాలు తనకెక్కడిది అనిపించింది. మనిషి కంటికి దూరమైతే కొలతలు కూడా మర్చిపోతామా అని నా మీద నాకే కోపం వచ్చింది. కిటికీలోంచి గాలి వస్తోంది. ఇంత గాలికి కూర్చుని కూడా ఇంటికొచ్చి ఎందుకు అంతగా దగ్గేదో? "కిటికీ పక్కన కూర్చుని ఈ దగ్గేందే, చల్లనివేవో తింటున్నావు" అని ఎన్నిసార్లు కసిరానో. తను నవ్వి ఊరుకునేది.

అక్కడ కూర్చుంటే తన మీద ఎంత బెంగగా ఉందో నాకే తెలిసొచ్చింది. మూడొంతుల హాలు కడిగిన చేతులు, ఆ జానెడు మేర కడగడానికి రాలేదు. చుట్టూ బెత్తెడు నలుపు అంచు ఉంచేసి మిగతాదంతా శుభ్రం చేశాను. అంచు పోతే చోటు పోతుంది కదా.

శుక్రవారం పొద్దున అంకమ్మరావు గారు వచ్చి అక్కడే ఆగారు.

"ఇదేందిరా, ఇక్కడ వదిలేశావు?"

"మా ఆవిడ చోటండి."

ఆయన నన్నూ నేలనూ మార్చి మార్చి చూశారు. "అయితే?"

"దీని మీద బల్లేదైనా వేయించండి. ఎవరికీ కనపడదు."

"పిల్లకాయల ఒళ్ళు పొక్కితే వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి నా చొక్కా పట్టుకుంటారు. నీ పెళ్ళాం చోటని చెప్పమంటావా వాళ్ళకి? మధ్యాహ్నానికి ఇది ఉండకూడదు." నాలుగు అడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగారు. "కువైట్‌లో ఉంది కదరా నీ పెళ్ళాం. రమ్మను."

అంత తేలికగా అనేశారు.

ఆయన వెళ్ళాక జయకుమారి వచ్చింది, చేతిలో పర్చూరు నుంచి తెచ్చిన సంచితోనే. పొడుగాటి మనిషి. సిద్దికాతో కలిసి అన్నేళ్ళూ గింజలు కొట్టింది. హాలంతా కలయజూసి నోటి మీద వేలేసుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చి పకపకా నవ్వింది.

"నా చోటు ఒక్కటీ ఎందుకు వదిలేశావు తమ్ముడూ?"

"నీ చోటేంది జయక్కా? ఇది సిద్దికాది."

"ఎవరు చెప్పారు?"

"తనే."

ఆమె నవ్వు ఆగిపోయింది. సంచి కింద పెట్టి, కాసేపు కొంగుతో మెడ తుడుచుకుంది. "కిటికీ తనకే వచ్చిందయ్యా, అబద్ధం కాదు. ఒక్కరోజు కూర్చుంది. అప్పుడు నాకు ఆరో నెల. నేను కాల్పు తలుపు కాడ ఉండేదాన్ని. ఆ పొగకి కక్కుకుంటుంటే చూసి, మర్నాడు పొద్దున్నే నా రాయీ సుత్తీ తెచ్చి ఇక్కడ పెట్టి తను పోయి అక్కడ కూర్చుంది. కాన్పు అయ్యాక లేస్తానంటే వద్దంది. పసిదానికి పాలిచ్చేదానివి, గాలికి ఉండమంది. అట్టా అట్టా పదేళ్ళు అయిపోయినయ్."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగా. ఆయన సంబరపడి బజ్జీలు కొనిపెట్టాడక్కా, ఇప్పుడు పొగలో కూర్చుంటున్నానంటే గేటు కాడికొచ్చి మేస్త్రీతో తగువేసుకుంటాడు అంది. నీ కోపం ఊరందరికీ తెలిసిందేగా."

నేను తిరిగి పడమటి గోడ వైపు చూశాను. నడిచి వెళ్ళి ఆ తలుపు పక్కన కూలబడ్డాను. కంకర అరచేతికి గుచ్చుకుంది. ఎక్కడా ఒక గీత కూడా మిగల్లేదు. నా పనితనం అలాంటిది. పదేళ్ళు తను పొగలో దగ్గుతూ కూర్చున్న చోటుని నేను బూతులొక్కటే తక్కువగా తిట్టి, తను కొనిచ్చిన మిషన్‌తోనే గీకేశాను. మగవాణ్ణి, జయక్క ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఆగలేదు. ఆమె చీపురు తీసుకుని, నిలిచిన నీళ్ళు కాలవలోకి తొయ్యడం మొదలుపెట్టింది.

కిటికీ కింది అంచు కూడా కడిగేశాను. జయక్క "కడుగు తమ్ముడూ, నాకేం పర్లేదు" అంది. ఆ రోజు నమాజుకి పోలేదు. మెట్ల మీద ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. రెండున్నరకి మోగింది.

"బాగున్నావా?" అంది.

"నువ్వెలా ఉన్నావు?"

"నాకేంది, ఏసీ గది..."

"సిద్దికా, కాల్పు తలుపు కాడ ఎవరు కూర్చునేవాళ్ళో జయక్క చెప్పింది."

అటు నుంచి ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు.

"ఎక్కడ పడుకుంటున్నావు? నిజం చెప్పు."

"బట్టలుతికే మిషన్ పెట్టిన గది. చోటు సరిపోద్దిలే. నేను పొట్టిదాన్నేగా."

అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. "వచ్చెయ్," అన్నాను.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మిషన్ పాడయిందా? చెప్పు పర్లేదు, నేను పంపిస్తా..."

"మిషన్ బాగుంది. ఏమీ కాలేదు. నువ్వు కావాలి నాకు. నువ్వు లేకుండా నావల్ల కావట్లేదు. వచ్చెయ్."

ఏడుస్తోందని ఊపిరిని బట్టి తెలిసింది. నాలుగేళ్ళలో ఫోనులో తను ఏడవడం అదే మొదటిసారి.

"పోయిన వారం అడిగితే నీ ఇష్టం అన్నావుగా," అంది. "నేను వచ్చినా రాకపోయినా నీకు ఒకటేనేమో అనుకున్నా. శనివారం మేడమ్ కాగితం తెచ్చి ముందు పెట్టింది. వేలిముద్ర సరిగా పడకపోతే రెండుసార్లు వేయించుకుంది. రెండేళ్ళకి."

లోపల జయక్క చీపురు నేలకి రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఉన్నావా?" అంది.

"ఉన్నా."

"ఇందాకటి మాట ఇంకోసారి అను."

వచ్చెయ్ అన్నాను. మళ్ళీ అనమంది. తన కార్డులో డబ్బులు అయిపోయి ఫోను కట్ అయ్యేదాకా అంటూనే ఉన్నాను.