పైలట్ల వెనక సీటు

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోయి ఉంటే మన్నించండి. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను గనక ఆలస్యం కూడా అయింది. ఇది మా ఇంట్లో అద్దెకున్న ఒక పైలట్ సంగతి. ఇందులో కొంత నేను కళ్ళారా చూసింది. కొంత అతని భార్య చెప్పింది. మిగతాది ఆ సాయంత్రం విమానం నడిపిన కెప్టెనమ్మ మా ఇంటికి వచ్చి, ఈ వంటగదిలోనే కూర్చుని చెప్పింది.

గడ్డం సగం గీసుకున్నాక అతను మళ్ళీ ఒకసారి ఫోన్ వైపు చూశాడు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అద్దం పక్కన మేకుకు తగిలించుకున్నాడు. స్టాండ్‌బై అంటే అంతే. కంపెనీ పిలిస్తే గంటలో విమానాశ్రయంలో ఉండాలి. పిలవకపోతే, పిలుస్తారేమోనని ఉండాలి.

"పెద్దాయనా, ఆ ఫోన్‌కి కూడా సబ్బు రాస్తున్నారా ఏంటి?" పక్కగదిలో పై మంచం మీంచి కుర్ర కెప్టెన్ అరిచాడు. వయసులో కొడుకులాంటివాడు, హోదాలో పై అధికారి.

"రాయకపోతే అలిగి మోగుతుందిరా."

"మోగితే ఎత్తండి బాబూ. మీరు ఎత్తకపోతే మిమ్మల్ని పిలవమని నన్నే లేపుతారు. నా నిద్ర మీ చేతుల్లో ఉంది."

విమానాశ్రయం వెనక వీధిలో ఉంది మా ఇల్లు. సామాను బండ్లు నడిపే మా ఆయన పోయాక, ముందుగదుల్లో రెండంతస్తుల మంచాలు వేయించి పైలట్లకు అద్దెకిచ్చాను. వాళ్ళ ఇళ్ళు ఒక ఊళ్ళో, పని ఇంకో ఊళ్ళో. డ్యూటీకి ముందో వెనకో ఇక్కడ నడుం వాలుస్తారు. అందరికీ నేను పిన్నినే.

అతనికి యాభై నాలుగేళ్ళు. పొడగరి. కింది మంచంలో కాళ్ళు ముడుచుకుంటే తప్ప పట్టడు. మీసం ఒక్క వెంట్రుక కూడా పక్కకు పోకుండా కత్తిరించుకుంటాడు. వేలికి వదులైన ఉంగరానికి లోపలివైపు దారం చుట్టుకున్నాడు. అతను పనిచేసిన కంపెనీలు రెండు మూతపడ్డాయి. ఈ ఉద్యోగంలో అనుభవం వెంట రాదట. కంపెనీ మారితే వరుసలో అందరికంటే వెనక నిలబడాల్సిందే. ఒకప్పుడు కెప్టెన్‌గా చేసిన మనిషి అలా మళ్ళీ కోపైలట్ అయ్యాడు. వెనక ఉన్నవాడికి కోరిన ఊరు దొరకదు, కోరిన సెలవూ దొరకదు.

ఫోన్ మోగింది. కంపెనీ కాదు, భార్య.

"వదిన నీళ్ళు కూడా మింగట్లేదండీ. ఇవాళో రేపో అన్నాడు డాక్టరు. కళ్ళు తెరిచినప్పుడల్లా తమ్ముడొచ్చాడా అంటోంది."

"వస్తున్నానని చెప్పు."

"పోయిన వారం కూడా అదే చెప్పాను."

అతను నురగ తుడుచుకోకుండానే, స్పీకర్ పెట్టి, డ్యూటీలు వేసే ఆఫీసుకు ఫోన్ చేశాడు. వంటగదిలోకి అంతా వినబడుతూనే ఉంది.

"మీ అమ్మగారాండీ?" అంది అక్కడి అమ్మాయి.

"కాదమ్మా, అక్క."

"భార్యాపిల్లలు, తల్లిదండ్రులైతేనే వెంటనే వదలగలం సార్. అక్క ఆ లెక్కలోకి రారు."

"నాకు ఊహ తెలిసేసరికి మా అమ్మ లేదు. ఆవిడే నన్ను..."

"అర్థమైంది సార్. కానీ మధ్యాహ్నం దాకా మీరు తప్ప మనిషి లేరు."

"సరేనమ్మా," అన్నాడు. అంతకంటే గట్టిగా మాట్లాడటం అతనికి రాదు.

తర్వాత యూనిఫాం వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుని, మంచం అంచున కూర్చున్నాడు. టీ ఇస్తే సగం తాగాడు. అరచేత్తో రొమ్ము రుద్దుకున్నాడు.

"గ్యాసు పిన్నీ," అన్నాడు నేను అడక్కముందే.

"ఎన్నాళ్ళని గ్యాసంటావు నాయనా? డాక్టరుకి చూపించుకోరాదూ?"

"చూపిస్తే రాసుకుంటాడు. రాసుకున్నాడంటే నన్ను ఎగరనివ్వకుండా నేల మీద కూర్చోబెడతారు. ఈ వయసులో నాకు ఇంకే పనొచ్చు? బండి నడపమంటే అలవాటుకొద్దీ ఎగరేస్తాను."

నవ్వాడు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం దాకా ఫోన్ మోగలేదు. స్టాండ్‌బై ముగియగానే పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయాడు. సెలవుల రోజులు కావడంతో టికెట్లన్నీ అయిపోయాయి. రైలెక్కితే మర్నాటి రాత్రికి గానీ చేరడు. మిగిలింది జంప్ సీటు ఒక్కటే. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక, గోడలోంచి లాగి దించుకునే ఇరుకు సీటు అది. ఒక్కరికే చోటు, అదీ కెప్టెన్ ఒప్పుకుంటేనే.

మొదటి విమానానికి గేటు దగ్గర అతని పేరే ముందుంది. అంతలో వేరే కంపెనీ కుర్రాడొకడు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, నాకు అక్కడ డ్యూటీ. ఇదివరకే ఒకసారి తప్పాను. ఇది కూడా తప్పితే..."

డ్యూటీకి వెళ్ళేవాడికి ఇంటికి వెళ్ళేవాడు చోటివ్వాలి. అది ఎక్కడా చట్టం కాదు, పైలట్ల మధ్య మర్యాద. ఆ మర్యాద వల్లే అతను ఎన్నోసార్లు వేళకు పనికి అందుకున్నాడు. అక్క సంగతి చెబితే ఆ కుర్రాడు వెనక్కి తగ్గేవాడే. కానీ చెప్పలేదు.

"వెళ్ళు బాబూ. నేను ఇంటికేగా."

రెండో విమానానికి గాలివాన అడ్డొచ్చింది. అటువైపు మబ్బులు కమ్మాయని ఇంధనం ఎక్కువ నింపారు. ఇక ఒక్క మనిషి బరువు కూడా ఎక్కించకూడదన్నారు. ఆ కెప్టెన్ స్వయంగా బయటికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నేను మీ చోట ఉన్నా ఇదే మాట చెప్పేవాణ్ణి లెండి," అని అతనే ఆ కెప్టెన్‌ను ఓదార్చాడు.

గేటు పక్కన తివాచీ నలిగిపోయి, గోడకున్న ప్లగ్గు దగ్గర మనుషులు కూర్చుని కూర్చుని మరకపడ్డ చోటు ఒకటుంది. అక్కడ కూలబడి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టాడు. ఎడమ చెయ్యి లాగుతోంది. పెట్టె మోయడం వల్లేననుకుని, ఒక మాత్ర చప్పరించాడు.

"బయల్దేరారా?" అంది భార్య ఫోన్లో.

"తర్వాతది దొరుకుతుంది."

"వదిన కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయండీ."

మూడో విమానం సాయంత్రం. టోపీ చంకలో పెట్టుకుని కాక్‌పిట్ గుమ్మంలో నిలబడ్డాడు.

"కెప్టెన్ గారూ, ఆ సీటు ఇప్పిస్తారా?"

"అయ్యో, మీరు అడగాలా సార్? రండి రండి," అంది కెప్టెనమ్మ. ఆమె కూడా అతనికంటే బాగా చిన్నది.

సీటు దించుకుని, నడుముకూ రెండు భుజాల మీదుగానూ బెల్టులు బిగించుకున్నాడు. పైకెక్కాక కోపైలట్ ఇంటి సంగతులు అడిగితే అక్క మాట చెప్పాడు. తను విమానం నడుపుతానంటే అక్క ఎన్నడూ నమ్మలేదట. ఫోన్ చేసిన ప్రతిసారీ, "నీకు కిటికీ పక్కన సీటిచ్చారా?" అని అడిగేదట.

"ఇచ్చారక్కా, అన్నిటికంటే ముందు కిటికీ అనేవాణ్ణి. అదృష్టవంతుడివిరా అనేది."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఎదురుగా మబ్బుల అంచులు ఎర్రబడుతున్నాయి. అతను మంచినీళ్ళు అడిగి రెండు గుక్కలు తాగాడు. ఈసారి అందుకుంటాననుకుంటా, అన్నాడు.

విమానం దిగడం మొదలై ఒక ఎత్తుకు వచ్చాక, కాక్‌పిట్‌లో పనికి సంబంధించినది తప్ప మరో మాట మాట్లాడకూడదు. వెనక కూర్చున్నవాడికీ అదే నియమం. జీవితమంతా ఆ నియమం పాటించినవాడు అతను. ఊపిరి అందకపోయినా నోరు మెదపలేదో, మెదపబోయేసరికే వేళ మించిపోయిందో, తెలిసినవారెవరూ లేరు. ముందున్న ఇద్దరికీ వెనక నిశ్శబ్దం వినిపించింది. పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నారు.

చక్రాలు మెత్తగా నేలను తాకాయి. విమానం గేటు దగ్గర ఆగింది.

"ఇల్లొచ్చింది సార్," అంది కెప్టెనమ్మ వెనక్కి తిరగకుండానే, మీటలు ఒక్కొక్కటే ఆపుకుంటూ.

బెల్టులు అతన్ని నిటారుగా కూర్చోబెట్టే ఉంచాయి. టోపీ ఒళ్ళోనే ఉంది.

మర్నాడు పొద్దున అతన్ని ఆసుపత్రి నుంచి వాళ్ళ ఇంటికి మోసుకొచ్చారు. ముందుగదిలో అంతమంది అడుగుల చప్పుడుకు లోపలి గదిలో అక్క కళ్ళు తెరిచింది.

"తమ్ముడొచ్చాడా?"

అతని భార్య మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"వచ్చాడు వదినా."

"అలిసిపోయుంటాడు. లేపకండి, పడుకోనీండి," అంది ఆవిడ. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఫ్రిజ్‌లో ఎవరి వస్తువు మీద వాళ్ళ మంచం నంబరు చీటీ అంటిస్తారు, దాన్ని ఇంకొకరు ముట్టరు. ఇక్కడ మిగిలిన అతని బట్టలు కంపెనీవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. ఫ్రిజ్ సంగతి ఎవరికీ తట్టలేదు. తలుపు లోపలి అరలో, చిన్న సాసరు మీద, అతని నంబరుతో, గ్యాసుకని పిండుకోగా మిగిలిన సగం నిమ్మకాయ ఒకటుంది. కోసిన వైపు గోధుమరంగుకు తిరిగి, లోపలికి పీక్కుపోయి, రాయిలా గట్టిపడింది.

ఇట్లు,
అందరి పిన్ని, వయసు అరవై ఎనిమిది.
ఇప్పటికీ అదే ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంటున్నాను.