నడిచి వెళ్ళేంత దూరం

ఆడపడుచు కూతురి దుప్పటి ఆరేస్తుంటే గోడ అవతల యూనివర్సిటీ గంట మోగింది. పంతొమ్మిదేళ్ళుగా నా పొయ్యికీ, నీళ్ళ మోటారుకీ, ఆయన టిఫిన్ డబ్బాకీ ఆ గంటే గడియారం. ఆ గేటు దాటి లోపలికి మాత్రం నేనెప్పుడూ వెళ్ళలేదు.

అక్కడ సీటు అంత తేలిగ్గా దొరకదు. వందమంది పరీక్ష రాస్తే ముగ్గురికి వస్తుంది. అయితే చుట్టుపక్కల వీధుల్లో మూడేళ్ళు ఉన్నవాళ్ళకు కొన్ని సీట్లు విడిగా ఉంచుతారు. ఆ సంగతి తెలిసిన దగ్గరనుంచి మా వెనకగది ఖాళీగా లేదు. మొదట మరిది, తరవాత బావగారి పెద్దమ్మాయి, ఇప్పుడు ఈ పిల్ల. తలా మూడేళ్ళు. సీటు రాగానే హాస్టల్‌కి వెళ్ళిపోతారు. "నీకేం వదినా, గుమ్మంలో యూనివర్సిటీ! అదృష్టవంతురాలివి" అంటుంది ఆడపడుచు ఫోన్లో. అదృష్టం ఎవరిదో గాని, ఉతుకుడు నాది.

నివాసానికి రుజువు కరెంటు బిల్లు. అది నా పేరునే ఉంది. "క్యూలో ఎవడు నిలబడతాడు, నీ పేరునే పెట్టించుకో" అన్నారు ఆయన, అప్పట్లో.

పిల్ల ఫారం తెచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టత్తా." పెట్టబోతూ చదివాను. వయసు అన్నచోట 'పరిమితి లేదు' అని ఉంది. మళ్ళీ చదివాను.

"స్కూలు చదువు అయిపోయి ఇరవయ్యేళ్ళు దాటినా పరవాలేదా?"

పిల్ల నవ్వలేదు. "రేపు ఇంకో ఫారం తెస్తానత్తా" అంది.

రాత్రి సంగతి చెబితే ఆయన నవ్వారు. "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరిస్తావు? కూరలో ఉప్పు మర్చిపోకుండా ఉంటే అదే పదివేలు." ఆయన చెడ్డవారు కాదు. మంచినీళ్ళు తనే తెచ్చుకుంటారు, గ్లాసు ఎక్కడుందో నేను చెబితే.

మర్నాడు పిల్ల రెండో ఫారం నా చేతికిస్తుండగా బావగారు ఫోన్ చేశారు. "చిన్నదాన్ని కూడా పంపించన్నయ్యా, గది ఖాళీ అవుతోంది" అంటున్నారు ఆయన. "నీ మరదలికేముంది, ఇద్దరికి వండేది ముగ్గురికి వండుతుంది."

చెయ్యి కొంగుకు తుడుచుకుని పెన్ను తీసుకున్నాను. 'ఈ చిరునామాలో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు?' అన్నచోట పంతొమ్మిది అని రాశాను.

"గది ఖాళీ లేదని చెప్పండి," అన్నాను. "అందులో నేను చదువుకోవాలి."