ఇంటింటికో పలకరింపు

ఇటలీలోని పలెర్మోలో, నైజీరియా నుంచి వచ్చిన మా ఎడో వాళ్ల సంఘానికి ఉన్నది ఒక్క హాలు. శనివారం పొద్దున్నే పిల్లలు వస్తారు. బడి పాఠాలు, మా భాష, మా ఆటలు అన్నీ అక్కడే. వంటలకూ తగవులకూ పెద్దదిక్కును నేను. తగవులే ఎక్కువ.

ఈసారి తగవు తెచ్చిపెట్టినవాడు ఒసారోబో. వారమంతా పార్సిళ్ల బండి నడిపి, శనివారం పిల్లలకు భాష నేర్పుతాడు. మనిషి మంచివాడే, తొందరెక్కువ. మాలో పొద్దున లేవగానే పెద్దలను పలకరించే మాట ఒక్కో వంశానికి ఒక్కొక్కటి. తండ్రి ఇంటి మాటే పిల్లలకు. అది వింటే చాలు, ఈ పిల్ల ఎవరింటిదో మా ముసలివాళ్లు చెప్పేస్తారు. ఇన్ని మాటలు ఎవడు నేర్పుతాడనుకున్నాడో ఏమో, ఒసారోబో తన ఇంటి మాట "దెలాయిసో"నే అందరికీ నేర్పేశాడు.

వార్షికోత్సవం నాడు పిల్లలంతా వరసగా మోకరిల్లి ఒక్క గొంతుతో "దెలాయిసో" అన్నారు. ఇటలీ అతిథులు చప్పట్లు కొట్టారు. మావాళ్లు నోళ్లు తెరిచారు.

"ఏమయ్యోయ్ ఒసారోబో, వీళ్లందరినీ ఎప్పుడు కన్నావయ్యా?" అని వెనకనుంచి ఒకావిడ అరిచింది.

"మా ఆయన వింటే నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడు!" అంది ఇంకొకావిడ.

హాలు నవ్వులతో దద్దరిల్లింది. ఒసారోబో తల పట్టుకున్నాడు. పైవారం ఎవరింటి మాట వాళ్లు నేర్చుకుని రావాలని అక్కడికక్కడే తీర్మానించాం. ఇక ఇళ్లకు వెళ్లగానే అందరూ మా సొంతూరు బెనిన్ సిటీకి ఫోన్లు.

నవ్వనిది ఒక్క ఇయోబోసా. మా నాట్యం ఆడే ఆడపిల్లల్లో ముందు నిలబడేది అదే. తండ్రి ఎవరో దానికి తెలియదు. తల్లి అదెసువా చెప్పదు. ఎడారి దాటి, సముద్రం దాటి, కడుపుతో ఇక్కడ దిగిన మనిషిని ఆ సంగతి అడిగే నోరు మాలో ఎవరికీ లేదు.

పై శనివారం ఆ పిల్ల తల్లితో కలిసి అందరికంటే ముందు వచ్చింది. పెండలం దంచుతున్న నా పక్కన నిలబడింది.

"పిన్నీ, ఇకనుంచి నేను రానులే."

"ఏమొచ్చిందే నీకు?"

"ఒసారోబో బాబాయ్ తప్పు నేర్పాడని అందరూ నవ్వారు కదా. నాకదే బాగుంది. ఆ రోజు నేను కూడా అందరితో పాటు అన్నాను."

రోకలి పక్కన పడేసి, హాల్లో కుర్చీలు సర్దుతున్న తల్లిని కేకేశాను.

"తండ్రి లేనప్పుడు తల్లి పుట్టింటి మాటే కదే బిడ్డది? మీ నాన్న మాట నేర్పు దీనికి. నేర్పి, ఆయనకే ఫోన్ చేయించు."

"ఆయన నన్ను కూతురే కాదన్నాడక్కా. ఆ ఇంటి మాట ఏ మొహం పెట్టుకుని నేర్పమంటావు?"

"నీ మొహం సంగతి తర్వాత. ముందు పిల్ల మొహం చూడు."

చూసింది. చాలాసేపు చూసింది.

"దాని గొంతు విని ఆయన ఫోన్ పెట్టేస్తేనో?"

"పెట్టేస్తే మళ్లీ చేసి నేను తిడతాను. నాకు నోరుందిగా."

అదెసువా కూతురి చెవిలో ఆ మాట చెప్పింది. ఇన్నేళ్లుగా చేయని నంబరు తడుముకోకుండా నొక్కింది. ఫోనును ఉల్లిపాయల పళ్లెం పక్కన పెట్టి, ముగ్గురికీ వినపడేట్టు చేశాను.

"ఎవరూ?" అంది ముసలి గొంతు.

అదెసువా కూతురిని ముందుకు నెట్టింది. ఇయోబోసా ఊపిరి పీల్చుకుని తాత ఇంటి పలకరింపు పలికింది. ఆ మాట ఇక్కడ రాయను, అది వాళ్లది.

అవతల ఎక్కడో కోడి కూసింది. ఈ పలకరింపు విని బదులివ్వకుండా ఉండటం మాలో పగవాడు కూడా చేయడు. అదొక్కటే నా ధైర్యం.

"అదెసువా," అన్నాడు చివరికి ముసలాయన. ఆ పిల్లది అచ్చం తల్లి గొంతే. "ఇప్పటికి తెల్లారిందటే నీకు?"

అదెసువా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అమ్మ కాదు తాతా," అంది ఇయోబోసా. "నేను. మీ ఇంటి పిల్లని."

ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"అయితే మీ అమ్మ ఇంకా లేవలేదా?"

అదెసువా నేలమీద మోకరిల్లి, ఫోనుకు దగ్గరగా వంగి, ఆ ఇంటి పలకరింపే అంది.