లేడీస్ బ్యాచికి కాపలా

ఈత వచ్చు కదా అని ఈతకొలను మేనేజరు సోమేశ్వరరావు అడిగినప్పుడు చిన్నమ్మి వచ్చనీ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. తల మాత్రం కొద్దిగా ఊపింది. ఆ ఊపుకి అర్థం ఏమిటో ఆమెకే తెలియదు. మేనేజరుకి మాత్రం క్షణంలో తెలిసిపోయింది. జవాబు ముందే సిద్ధం చేసుకుని ప్రశ్న అడిగేవాళ్లతో వచ్చే చిక్కే అది.

"రామయ్యపట్నం మనిషిని పట్టుకుని ఈత వచ్చా అని అడుగుతున్నాను సూడు, నాదీ బుద్ధి తక్కువ," అని నవ్వాడాయన. "పూరీలో అంత సముద్రంలో జనాల చెయ్యి పట్టుకుని ముంచి లేపే నోలియాలు ఎవరు? మీ వాళ్లు కారేటి?"

కారని ఎవరన్నారు? చిన్నమ్మి చుట్టాలే ఇద్దరు ముగ్గురు ఉన్నారక్కడ. కాని వాళ్లు మగవాళ్లు. చిన్నమ్మి ఊళ్లో ఆడది తెప్ప ఎక్కదు, మోకాలు దాటి నీళ్లలోకి దిగదు. చేప గట్టెక్కాకే ఆడదాని పని మొదలవుతుంది. ఏరాలి, ఎండబెట్టాలి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరగాలి. సముద్రం గురించి చిన్నమ్మికి తెలిసిందల్లా ఒక్కటే. అది ఏటికేడాది కాస్త కాస్త ముందుకి జరిగి, ఒక వానాకాలం వాళ్ల వంటింటి గోడని పట్టుకుపోయింది. ఆ దెబ్బకి మొగుడు పోతయ్య తెప్ప మానేసి బరంపురంలో ఆటో పట్టాడు. నీళ్ల మొహం మళ్లీ చూడకూడదనుకున్న చిన్నమ్మికి ఈ ఊళ్లో దొరికిన పని, ఈతకొలను గట్టు కడగడం. నుదుటి రాత అంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

గట్టు కడిగినన్నాళ్లూ ఏ బాధా లేదు. ఆ వేసవిలో మేనేజరు మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర దాకా ఆడవాళ్లకని వేరే బ్యాచి పెట్టాడు. బరంపురం ఎండకి చైత్రంలోనే రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకుంటుంది. ఆ ఎండలో ఎవరొస్తారులే అనుకున్నారంతా. ఒకరిని చూసి ఒకరు పద్దెనిమిది మంది వచ్చారు. సగం మంది పెద్ద బజారు షావుకార్ల ఇల్లాళ్లు. పెళ్లయినప్పటి నుంచి వేసవంటే కూలరు ముందు కునుకు, ఊరగాయ జాడీలు, ఒంటినిండా చెమటకాయలు అనే తెలిసినవాళ్లు. అలాంటివాళ్లు చుడీదార్లు వేసుకుని, నెత్తికి రబ్బరు టోపీలు బిగించి, ఆకుపచ్చ వల పందిరి కింద నీళ్లలో చిన్నపిల్లల్లా కేరింతలు కొడుతుంటే చూడాలి. బళ్లో ఆటలు నేర్పే వాసవీకుమారి నెల రోజులు దగ్గరుండి వాళ్లకి తేలడం, కాళ్లాడించడం నేర్పింది. అంతలో ఆమెకి కటక్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

ఆడవాళ్లున్నంతసేపు మగపురుగు లోపలికి రాకూడదని నియమం. ఇనుప తలుపుకి లోపలి నుంచి గడియ. అందుకని ఒక ఆడకాపలా కావాలి. మేనేజరు కళ్లు చీపురు పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మి మీద పడ్డాయి.

"నువ్వేటీ నేర్పక్కర్లేదు. ఎవరైనా మునిగితే తీస్తే చాలు," అన్నాడు.

తీస్తే చాలట. కాదంటే చీపురు పని కూడా పోతుందేమోనని భయం, ఔనంటే ఇంకో భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అచ్చంగా అదే. మర్నాడు మూడున్నరకి వెళ్లి గట్టు మీద నిలబడింది.

అప్పట్నుంచి ఆమె చేసిన పని తలలు లెక్కపెట్టడం. పద్దెనిమిది. మళ్లీ పద్దెనిమిది. ఎవరో ఒకరు సరదాకి ముక్కు మూసుకుని బుడుంగున మునిగితే పదిహేడు. ఆ తల మళ్లీ పైకి వచ్చేదాకా చిన్నమ్మికి ఊపిరాడదు. చేతిలో ఒక వెదురుగడ పట్టుకుని గట్టంతా తిరిగేది. "అటెల్లకండమ్మా, అక్కడ నీరు సల్లగుంటాది, కాళ్లు పట్టేస్తాయి," అని లోతు వైపు చూపించి అబద్ధాలు చెప్పేది. ఆ అబద్ధాలు ఎవరూ నమ్మలేదు. అసలు అబద్ధాన్ని మాత్రం అందరూ నమ్మారు.

అందరికంటే ఎక్కువ నమ్మింది ఆదిలక్ష్మమ్మ. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి వైకుంఠరావు గారి భార్య. యాభై రెండేళ్లు, భారీ మనిషి. మోకాళ్ల నొప్పులకి ఈతే మందని డాక్టరు చెప్తే వచ్చింది. మొదటి వారమంతా కమ్మీని పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు అదే మనిషి మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నానని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పుకుంటోంది. లోతుకీ మెరకకీ మధ్య కట్టిన తాడు దాటి అవతలికి వెళ్లిన మొదటి మనిషి కూడా ఆవిడే.

"ఏటే మీ భయం?" అని మిగతావాళ్లని పిలిచేది. "సముద్రంలో పుట్టిన మనిషి గట్టు మీద నిలబడి కాపలా కాస్తుంటే, ఈ కుండెడు నీళ్లకి భయమేటి? రండి, రండి."

ఒక్కొక్కరే తాడు దాటారు. వాళ్ల ధైర్యమంతా తనేనని చిన్నమ్మికి తెలుసు. వాళ్లు ఎంత దూరం వెళితే తన అబద్ధం అంత లోతవుతోంది. వాళ్లు నవ్వుతుంటే ఆమెకి ఏడుపొచ్చేది. ఇంత సంతోషం కళ్లారా చూస్తూ ఇంత భయపడిన మనిషి ఆ ఊళ్లో ఇంకెవరూ ఉండరు.

చెప్పాలని చూడకపోలేదు. ఒకరోజు మేనేజరు గదిలోకి వెళ్లి, "బాబూ, నాకు ఈత రాదు," అంది.

ఆయన రసీదు పుస్తకంలోంచి తలెత్తలేదు. "మీ వాళ్లు మరీ అణకువ మనుషులే. ఎల్లు, టైమైంది," అన్నాడు.

పోతయ్యకి చెప్తే అతను ఇంకా తేలిగ్గా తీసేశాడు. "ఇన్నాళ్లూ ఎవురు మునిగిపోనారు? నీ నోటితో నువ్వు సెప్పుకోడమేటి? ఊరుకో."

ఒకనాడు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు చీర దోపుకుని మెరక వైపు మెట్లు దిగింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. కాళ్ల కింద నేల కనిపిస్తూనే ఉంది, అయినా ఉన్నట్టనిపించలేదు. వంటింటి గోడ కూలిన రాత్రి కాళ్ల కింది ఇసక ఇలాగే జారింది. దేవుడా అనుకుంటూ పాకినట్టుగా మెట్లెక్కి, చాలాసేపు గట్టు మీద కూర్చుండిపోయింది. మళ్లీ దిగే సాహసం చెయ్యలేదు.

వైశాఖమాసం నడిమధ్య, ఎండలు మండిపోతున్న ఒక మంగళవారం ఆదిలక్ష్మమ్మ కొత్త ముచ్చట మొదలుపెట్టింది. ఆ కొస నుంచి ఈ కొసకి, లోతు మీదుగా, ఎక్కడా కమ్మీ పట్టుకోకుండా ఒక్కర్తే వస్తానంది. ఆడవాళ్లంతా మెరకలో నిలబడి చప్పట్లు కొట్టారు.

"వద్దమ్మా," అంది చిన్నమ్మి. "రేపు సూసుకుందారి. ఇయ్యాల ఎండెక్కువగుంది."

"ఎండ నీళ్లలోకొస్తాదేటే? నువ్వున్నావు కదా, సూస్తూండు."

ఆవిడ బయల్దేరింది. చిన్నమ్మి గట్టు వెంబడే నడిచింది. ఆవిడ ఎంత మెల్లగా ఈదితే ఈమె అంత మెల్లగా నడిచింది. సగం దూరం వచ్చింది. అక్కడ నీరు రెండు నిలువుల లోతు. సరిగ్గా అక్కడ ఆదిలక్ష్మమ్మ ఆగి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తింది. చెయ్యెత్తగానే తల మునిగింది.

రామయ్యపట్నంలో పుట్టిన ఆడదానికి నీళ్ల మీద లేచిన చేతికి ఒక్కటే అర్థం. తెప్ప బోల్తాపడితే గట్టు మీదున్నవాళ్లకి అలల మధ్య కనిపించేది ఆ చెయ్యొక్కటే. ఏడేళ్లప్పుడు చిన్నమ్మి తల్లి కొంగు పట్టుకుని నిలబడి అలాంటి చెయ్యి చూసింది. అది రెండోసారి లేవలేదు.

ఆమె ఆలోచించలేదు. తనకి ఈత రాదన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. వెదురుగడ ఎక్కడ పడేసిందో తెలియదు. చీరతోనే దూకేసింది.

నీళ్లు మీద పడి మూసుకున్నాయి. చెవుల్లో హోరు. నోరు తెరిస్తే గాలికి బదులు నీరు వచ్చింది, చేదుగా, మందు వాసనతో. చీర కాళ్లకి చుట్టుకుంది. పైన ఆకుపచ్చ వెలుగు కనబడుతోంది కాని అది ఎటుందో తెలియడం లేదు. చెయ్యి చాపింది. దేనికీ తగల్లేదు. ఇంకా కిందికి పోతున్నానని తెలిసింది. ఇంతేనా అనుకుంది. అమ్మా అని అరిస్తే ఆ అరుపు కూడా నీరే అయింది.

అప్పుడెవరో ఆమె జుట్టు పట్టుకుని లాగారు.

గట్టు మీద పడుకోబెట్టి ముగ్గురు వీపు మీద చరుస్తుంటే నీరు కక్కుకుంది. కళ్లు తెరిచేసరికి ఆదిలక్ష్మమ్మ ఇంకా నీళ్లలోనే ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మెడ దాకా నీళ్లలో, రొప్పుతోంది. చిన్నమ్మిని జుట్టు పట్టి గట్టుకి చేర్చింది ఆవిడే.

"నీకు ఈత రాదా?" అంది ఆవిడ.

"రాదమ్మా."

"మరెందుకు దూకావే?"

"తమరు సెయ్యెత్తేరు కదా."

"సగం వచ్చేశాను, సూడమని ఎత్తాను," అంది ఆదిలక్ష్మమ్మ. ఆవిడ కళ్లు నీళ్ల మీదుగా అవతలి గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాయి. "ఎన్నాళ్ల నుంచే?"

"మొదటిరోజు నుంచీనమ్మా."

ఆదిలక్ష్మమ్మ రెండో చెయ్యి కూడా కమ్మీ మీద వేసింది. ఇప్పటిదాకా చేపలా తిరిగిన మనిషి గజగజ వణకడం మొదలుపెట్టింది. మెట్లు పది గజాల దూరంలో ఉన్నాయి. కమ్మీ వెంబడి రమ్మన్నారు, రాలేదు. చెయ్యి అందించారు, పట్టుకోలేదు. "నన్ను కదపకండి, మునిగిపోతాను," అంది. ఈదడం వచ్చిన మనిషి, ఇంకో మనిషిని నీళ్లలోంచి లాగి తెచ్చిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. చివరికి నలుగురు దిగి, ఒక్కొక్క వేలూ విడదీసి, మోసుకొచ్చినట్టుగా ఆవిడని మెట్లెక్కించారు. మొహం తెల్లగా పాలిపోయింది. ఇన్నాళ్లూ చిన్నమ్మి ఒక్కర్తే మోసిన భయం ఇప్పుడు ఆ ముసలి మోకాళ్లలోకి దిగింది.

చిన్నమ్మి పాకుతూ వెళ్లి ఆవిడ భుజాల మీద తువ్వాలు కప్పింది.

అంతలో బయట నుంచి ఇనుప తలుపు దబదబ బాదారు. "ఏటా గొడవ? ఏటయింది?" మేనేజరు గొంతు.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నది బియ్యం కొట్టు గౌరమ్మ. చిన్నమ్మి దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "ఏటీ లేదని సెప్పు. కాలు జారి పడ్డానను. నిజం తెలిస్తే బ్యాచి ఎత్తేస్తారు. ఇంట్లోవాళ్లు మళ్లీ గడప దాటనిస్తారేటి? మేం మెరకలోనే ఉంటాంలే."

"ఔనే, నీ పనీ ఉంటుంది, మా వేసవీ ఉంటుంది," అంది ఇంకొకామె.

ఎవరూ ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండునని చిన్నమ్మికి అనిపించింది. మిగతా పదిహేడు మందీ కలిసి తన అబద్ధాన్ని తలా ఒక చెయ్యి వేసి మోస్తామంటున్నారు. ఇంతకాలం ఇలాంటి మాట కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంది. అది దొరికింది. దొరికాక చూస్తే ఆదిలక్ష్మమ్మ గోడకి ఆనుకుని, తువ్వాలు కప్పుకుని, ఆ ఎండలో పళ్లు కొట్టుకునేలా వణుకుతోంది.

చిన్నమ్మి లేచింది. తడి చీర కాళ్లకి అడ్డం పడుతుంటే గోడ పట్టుకుని నడిచింది. గడియ తీసింది.

బయట మేనేజరు, ఆయన వెనకాల ఆడవాళ్ల కోసం వచ్చిన మొగుళ్లు, కొడుకులు. స్కూటర్ల మీద కొందరు, ఆటోల్లో కొందరు. వైకుంఠరావు గారు గొడుగు వేసుకుని ముందే నిలబడ్డారు. తలనుంచి నీళ్లు కారుతున్న చిన్నమ్మిని చూసి మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"దూకి తీశావా? ఎవర్ని?"

"నన్నే తీసేరు బాబూ," అంది చిన్నమ్మి. అందరికీ వినపడాలని కాస్త గట్టిగా చెప్పింది. "నాకు ఈత రాదు. ఈ అమ్మలకి ఇన్నాళ్లూ కాపలా లేదు."

మేనేజరు ఆమె మాట మీద మాట వేసి, ఇది దాని అణకువండీ అంటూ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వైకుంఠరావు గారు గొడుగు దించారు.

"ఇన్నాళ్లూ చెప్పనిదానివి ఇవాళెందుకు చెప్తున్నావు?" అన్నారాయన.

"మునిగితే ఎలాగుంటాదో నాకు ఇయ్యాలే తెలిసింది బాబూ," అంది చిన్నమ్మి. "తెలిసినాక మళ్లీ దిగండమ్మా అని ఎలా సెప్పేది?"

వైకుంఠరావు గారు గొడుగు అక్కడే వదిలేసి, లోపల ఆడవాళ్లున్నారన్న మాట కూడా మరిచిపోయి, చిన్నమ్మిని దాటుకుని భార్య పేరు పిలుస్తూ లోపలికి పరిగెత్తారు.