దావీదురాజు సారు ఫుట్‌బాల్ చరిత్ర

దావీదురాజు సారుకు మోకాలి నొప్పి ఉంది. అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే నొప్పి కాదు. ఎవరైనా బంతి తెచ్చి కాళ్ల ముందు పెట్టి, "సార్, ఒక్కసారి మీరు తన్ని చూపించండి సార్" అన్నప్పుడు మాత్రమే వస్తుంది. పదకొండేళ్లుగా అంతే. మొదట్లో కుడి మోకాలికి వచ్చేది. ఒకసారి మరచిపోయి ఎడమ మోకాలు పట్టుకున్నాడు. అప్పటి నుంచి రెంటికీ నొప్పేనని చెప్పుకోవలసి వచ్చింది.

ఆయన నందికొట్కూరులో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీకి వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. కబడ్డీకి, ఖో ఖోకు ఊరూరా జట్లున్న సీమలో ఈ ఫుట్‌బాల్ ఎందుకయ్యా అంటే, అది కరస్పాండెంటు శివన్న తెలివి. జోనల్ పోటీలకు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు వచ్చేవి నాలుగే. దిగితే చాలు, నాలుగో స్థానం ఖాయం. బ్రోచర్‌లో వేసుకోవచ్చు.

ఉద్యోగానికి వచ్చిన రోజు శివన్న అడిగాడు. "నేషనల్స్‌కు పోయినావంట గదప్పా?"

"పోయినా సార్," అన్నాడు దావీదురాజు.

పోయింది నిజమే. ఖో ఖోకు పోయాడు. జట్టులో పన్నెండోవాడు. రైలెక్కాడు, పెట్టింది తిన్నాడు, గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు, దిగి ఇంటికొచ్చాడు. శివన్నకు ఆ పూట కాలేజీ బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయిన గొడవ. ఏ ఆటకని అడగలేదు, సర్టిఫికెట్టు చూడలేదు. "ఐతే ఫుట్‌బాల్ నువ్వే సూసుకో" అనేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత దావీదురాజు తనంతట తానుగా కల్పించి చెప్పింది ఏమీ లేదు. అడిగినదానికల్లా ఊఁ కొట్టాడు, అంతే. "లెఫ్ట్ వింగా సార్?" అంటే ఊఁ. "మోకాలికి దెబ్బ తగిలి మానేసినారా సార్?" అంటే, పాపం ఎవరో అంత మంచి కారణం చేతిలో పెడుతుంటే కాదనడం మర్యాద కాదు కదా, దానికీ ఊఁ.

ఆయనకు తెలిసిన ఫుట్‌బాల్ అంతా బీపీఎడ్ నాటి నోటుపుస్తకంలో పద్నాలుగు పేజీలు. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాతి క్లాసులో, సగం నిద్రలో రాసుకున్నవి. మైదానం కొలతలు మాత్రం తప్పు పోనిచ్చేవాడు కాదు. సున్నం గీతలు ఆయన గీస్తే అలా నిలబడి చూడాలనిపించేది. ఆట సంగతి దేవుడెరుగు, గీతలు మాత్రం జాతీయ స్థాయివి.

రెండో కోచ్ మదార్ సాహెబ్. కాలేజీ గోడకు అవతల మార్కెట్ యార్డులో హమాలీ. ఎండాకాలం వస్తే కళింగర కాయలు లారీలకెత్తే పని. కింద నుంచి ఒకడు పుచ్చకాయ విసురుతాడు, లారీ మీద ఇంకొకడు పట్టి పేరుస్తాడు. మదార్ సాహెబ్ ఇరవై రెండేళ్లు లారీ మీద నిలబడి పట్టినవాడు. మూడేళ్ల కింద ఒక సాయంత్రం బంతి గోడ దాటి పోతే, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో బంతి పట్టుకుని గేటు దగ్గరకొచ్చాడు. గ్లాసులో టీ తొణకలేదు. అది చూసి దావీదురాజు అక్కడికక్కడే గోల్‌కీపర్ షిరీన్‌ను ఆయనకు అప్పజెప్పాడు. అప్పటి నుంచి పని దిగాక రోజూ వచ్చి గోలు వెనక నిలబడి, "పై కాయ బేటీ! కింద కాయ! రెండు చేతులూ!" అని అరుస్తాడు. షిరీన్‌కు ఆ గొంతు వినబడితేనే చేతులు లేస్తాయి. ఆయనను చాచా అని పిలిచే జట్టంతటికీ ఆ సంగతి తెలుసు.

కాయ పట్టడం వరకే మదార్ సాహెబ్ పని. మిగతా ఆటంతా సారుది. సారు షిరీన్‌కు మొదటి రోజు చెప్పిన మాట ఒకటే. "గోలు గీత మీద నిలబడల్ల. గీత దాటినావంటే సూడు!" షిరీన్ మూడేళ్లలో గీత దాటలేదు. చెప్పిన మాట వినే పిల్ల.

ఈ ఏడు పోటీలు కడపలో. షిరీన్‌కు ఇదే ఆఖరి ఏడాది. జోను జట్టులో పేరు పడితే క్రీడా కోటాలో బీపీఎడ్ సీటు వస్తుంది. లేకపోతే పరీక్షలు కాగానే ఆత్మకూరులో పిన్నమ్మ వరసైన ఖాలా ఫ్యాన్సీ షాపులో గాజులు, రిబ్బన్లు అమ్ముకుంటూ కూర్చోవాలి. ఇంట్లో అలా మాట అయిపోయింది. "ఒక్క ఆట బాగ ఆడితే సాలు సార్," అని బస్సులో దారి పొడుగునా అంటూనే ఉంది ఆ పిల్ల.

కడప మైదానంలో దిగేసరికి కొత్త రూలు కాచుకుని ఉంది. ఈసారి గోలు వెనక ఎవరూ నిలబడకూడదు. బెంచీ మీద ఒక కోచ్, ఒక మహిళా మేనేజరు, అంతే. మేనేజరుగా హాస్టల్ వార్డెను రత్నమణి ఉండనే ఉంది. కోచ్ కార్డు దావీదురాజు మెళ్లో పడింది. మదార్ సాహెబ్‌ను తాడు అవతల షామియానా కింద నీళ్ల క్యాను దగ్గర కూర్చోబెట్టారు. ఆటగాళ్లతో మాట్లాడకూడదని గట్టిగా చెప్పారు.

ఆటకు ముందు మైకులో ఒక లెక్చరరు కోచ్‌ల పరిచయం చదివాడు. ఫారంలో కాలేజీవాళ్లు రాసి పంపినదానికి ఆయన తన వంతు మెరుగు పెట్టాడు. "జాతీయ స్థాయి క్రీడాకారులు, ఎడమ వింగులో మెరుపు, గాయం కారణంగా ఆటకు దూరమైనా ఆటను దూరం చేసుకోని మహానుభావులు, శ్రీ దావీదురాజు గారు!" పిల్లలు ఈలలు వేశారు. దావీదురాజు లేచి దండం పెట్టాడు. కూర్చునేటప్పుడు అలవాటుకొద్దీ మోకాలు కూడా పట్టుకున్నాడు.

ఆట మొదలైంది. పదో నిమిషంలో గోలు పడింది. షిరీన్ గీత మీద మేకు కొట్టినట్టు నిలబడి, బంతి వస్తుంటే ఒకసారి వెనక్కి చూసింది. వెనక ఎవరున్నారు? ఖాళీ వల. ముప్పయ్యో నిమిషంలో ఇంకొకటి. ఆ రెండో గోలు తర్వాత పిల్ల గ్లవ్స్‌తో మొహం తుడుచుకుంది. షామియానా కింద మదార్ సాహెబ్ లేచి నిలబడితే వలంటీరు కూర్చోమన్నాడు. లేస్తాడు, కూర్చుంటాడు. దావీదురాజు మాత్రం బెంచీ మీద కూర్చుని, "కమాన్! కమాన్!" అంటున్నాడు. ఫుట్‌బాల్‌లో ఆయన ధైర్యంగా అనగలిగిన మాట అదొక్కటే.

విరామం. షిరీన్ వచ్చి నేల మీద కూర్చుంది. కెప్టెన్ ప్రేమజ్యోతి చెవిలో చెప్పింది. "సార్, చాచా గొంతు లేక దానికి చేతులు ఆడతాండ్లేదు సార్. ఏమన్నా చేయండి సార్."

ఏమన్నా చేయడానికి దావీదురాజు శిల్ప మేడం టేబులు దగ్గరకు పోయాడు. పోటీలకు పెద్ద ఆవిడే, జోను జట్టు సెలెక్టరూ ఆవిడే. నిజంగా ఆడిన మనిషి. ఆవిడ ఎదుట నిలబడితే దావీదురాజుకు మోకాళ్లలో మొదటిసారి నిజంగా ఏదో అయింది.

"మేడం, కోచ్‌ను మార్చొచ్చునా?"

"ఎందుకు సార్? మీ అంత అనుభవమున్నవాళ్లు ఈ పోటీల్లోనే లేరు కదా."

"మార్చొచ్చునా మేడం?"

"మార్చొచ్చు. ఇప్పుడున్న కోచ్ ఎందుకు పనికిరాడో, కొత్త కోచ్ పూర్వాపరాలేమిటో మీరే రాసి సంతకం పెట్టాలి. మైకులో చదువుతాం. రూలు." ఆవిడ తెల్ల కాగితం ముందుకు జరిపింది.

జ్వరమని రాయొచ్చు. కడుపునొప్పని రాయొచ్చు. పెన్ను పట్టుకుని ఆ రెండూ ఆలోచించాడు కూడా. కానీ హమాలీని కోచ్‌గా కూర్చోబెట్టాలంటే ఆ హమాలీ ఏం నేర్పాడో రాయాలి. అది రాస్తే తానేం నేర్పాడన్న ప్రశ్న వస్తుంది. తలెత్తి చూస్తే షిరీన్ ఇంకా నేల మీదే ఉంది. ఛీ, ఏం బతుకు నాది, ఆ పిల్ల గాజులమ్ముకోవాలి, నేను మెరుపునై ఉండాలా అనుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు.

మైకు లెక్చరరు గొంతు సవరించుకుని చదివాడు.

"నందికొట్కూరు కోచ్ దావీదురాజు రాసి ఇచ్చునది. నేను ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. నేషనల్స్‌కు పోయింది ఖో ఖోకు. అక్కడా ఆడలేదు, పన్నెండోవాడిని. నాకు మోకాలి నొప్పి లేదు. బంతిని గట్టిగా తన్నింది ఇప్పటికి మూడుసార్లు, అందులో ఒకటి నా బైకు అద్దానికి తగిలింది. మా గోల్‌కీపర్‌కు బంతి పట్టడం నేర్పింది మదార్ సాహెబ్. ఆయన పూర్వాపరాలు: మార్కెట్ యార్డు హమాలీ, ఇరవై రెండేళ్లు కళింగర కాయలు పట్టిన అనుభవం. కావున నన్ను లేపి ఆయనను కూర్చోబెట్టవలెనని ప్రార్థన."

బైకు దగ్గరికి వచ్చేసరికి జనం పగలబడి నవ్వారు. ఆ బైకు సంగతి రాయాల్సిన పనే లేదు. నిజం రాసే ఊపులో అదీ వచ్చేసింది. రత్నమణి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భూమి చీలితే బాగుండునని దావీదురాజు అనుకున్నాడు గానీ, కడప నేల రాతి నేల, అంత సులభంగా చీలదు.

మదార్ సాహెబ్ తాడు దాటి వచ్చాడు. దావీదురాజు కార్డు తీసి ఆయన మెళ్లో వేశాడు.

"నిజమా సార్? మీరు ఆడనే లేదా?"

"లేదు మదార్ భాయ్."

"ఒక్క ఆటన్నా?"

"ఒక్కటీ లేదు."

మదార్ సాహెబ్ కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. కోపమొచ్చిందేమో, తిడతాడేమో, తిట్టినా పడాల్సిందే అనుకుని దావీదురాజు తల వంచాడు. ఆయన తిట్టలేదు. గబగబా షిరీన్ దగ్గరకు పోయి గొంతుక్కూర్చున్నాడు.

"బేటీ, ఆ గీతను ఇడ్సిపెట్టు."

"సారు దాటొద్దన్నాడు గదా చాచా?"

"సారు ఆట ఆడనే లేదని ఇప్పుడు మైకులో సెప్పిచ్చినాడు గదా, నువ్వూ ఇంటివి. కాయ మన మీదికి వచ్చేదాకా నిలబడితే రొమ్ముకు తగుల్తాది. పట్టేటోళ్లు ఎదురు పోవల్ల. అవతలి పిల్ల తన్నేదానికి కాలెత్తే లోపల నువ్వు దాని కాళ్ల కాడ ఉండల్ల. భయపడొద్దు, నేను ఈడనే ఉండా."

దావీదురాజు తాడు అవతల నీళ్ల క్యాను చేత పట్టుకుని నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు.

రెండో సగంలో షిరీన్ బయటికొచ్చింది. మొదటిసారి రెండడుగులు వేసి, అలవాటు చొప్పున గీత వైపు చూసుకుంది. "ముందుకు బేటీ!" అని బెంచీ దగ్గర నుంచి గొంతు వినబడింది. అంతే, ఇక ఆగలేదు. అవతలి పిల్ల బంతితో ఒంటరిగా దూసుకొస్తే ఎదురు పరిగెత్తి కాళ్ల మధ్య నుంచి లాక్కుంది. గాల్లో వచ్చినదాన్ని పెనాల్టీ చుక్క దగ్గర ఎగిరి పట్టింది. అవతలి కోచ్ అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. ఇంకొక్క గోలు పడలేదు. నందికొట్కూరు రెండు సున్నాతో ఓడిపోయింది. ఓడిన జట్టు గోల్‌కీపర్‌కు జనం చప్పట్లు కొట్టారు. దావీదురాజు క్యాను కింద పెట్టి అందరికంటే గట్టిగా కొట్టాడు. చప్పట్లలో ఆయనకు జాతీయ స్థాయి అనుభవం ఉంది కదా.

ఆట అయ్యాక శిల్ప మేడం కాగితాలు పట్టుకుని తాడు దగ్గరకొచ్చింది.

"మీ గోల్‌కీపర్‌ను శనివారం క్యాంపుకు పంపించండి. అలా బయటికొచ్చి ఆడటం ఎన్నాళ్ల నుంచి అలవాటు?"

"నలభై ఐదు నిమిషాల నుంచి మేడం," అన్నాడు దావీదురాజు. అబద్ధం చెప్పే ఓపిక ఆయనకు ఆ రోజుకు అయిపోయింది. "అంతకు ముందు గీత దాటొద్దని నేనే చెప్పినా. నా నోట్సులో ఉండాది."

ఆవిడ ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. "గీత మీదే నిలబడాలన్నది పెనాల్టీ కిక్ అప్పుడు మాత్రమే కదా సార్? మామూలు ఆటలో ఆ రూలెక్కడిది?"

ఆవిడ వెళ్లిపోయింది. దావీదురాజు క్యాను మీద కూర్చున్నాడు. మూడేళ్లు. ఆ పిల్ల గీత మీద నిలబడి తిన్న గోల్సన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గోలు పడ్డ ప్రతిసారీ ఆ పిల్ల తన దగ్గరకొచ్చి, "సారీ సార్" అనేది. తాను పెద్దమనసుతో క్షమించేవాడు! సిగ్గుతో ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవతల పిల్లలు షిరీన్‌ను ఎత్తుకుని గోల గోల చేస్తున్నారు. మదార్ సాహెబ్ వాళ్లను విడిపించుకుని వచ్చి, మెళ్లో కార్డు తీసి ఇవ్వబోయాడు. దావీదురాజు పుచ్చుకోలేదు.

"గీత మీద నిలబడేది తప్పని నీకు ఎప్పట్నించి తెలుసు మదార్ భాయ్?"

"మొదటి రోజు నుంచే అనుమానమే సార్."

"మరి ఎందుకు చెప్పలేదప్పా? మూడేండ్లు!"

"మీరు నేషనల్స్ ఆడినోరు గదా సార్," అన్నాడు మదార్ సాహెబ్, అందులో ఎత్తిపొడుపేమీ లేకుండా. "అంత ఆడినోరు ఒక మాట చెప్పినంక, దానికి నేను అడ్డం మాట్లాడితే బాగుంటాదా?"

దావీదురాజు కళ్లు తుడుచుకుని అడిగాడు. "గీత ఒకటేనా, ఇంకా ఏమన్నా తప్పులుండాయా?"

మదార్ సాహెబ్ మొహమాటంగా అటూ ఇటూ చూశాడు. తర్వాత క్యాను ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"రాండి సార్, బస్సులో పక్క పక్కనే కూసుందాం. నందికొట్కూరు చేరేదానికి ఐదు గంటలు పడ్తాది. సరిపోతాదో లేదో."