మా బావిలో రంగు

పొద్దున ఏడు దాటిందంటే మా ప్రుందేని ఊళ్ళో మనిషి అలికిడి ఉండదు. ఆరున్నరకల్లా కార్లన్నీ బుకారెస్టు పట్నం దారి పడతాయి, ఒకదాని వెనక ఒకటి, హారన్లు కొట్టుకుంటూ, తిట్టుకుంటూ. మినీబస్సులో నిలబడటానికి కూడా చోటుండదు. ఆ తరవాత మా వీధిలో మిగిలేది నేను, నా కోళ్ళు, పక్కింటి ఇలింకా, దాని రెండు నెలల కొడుకు సావా. మొక్కజొన్న చేలున్న చోట నలభై ఇళ్ళు లేచాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. పగలు వాటిలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. అవి ఒంటరితనం పట్టలేక సాయంత్రం దాకా మొరుగుతూనే ఉంటాయి.

ఆ కొత్తవాళ్ళంటే నాకు పడదు. దాచుకోవడం దేనికి? వచ్చి ఎనిమిదేళ్ళయింది, "బాగున్నావా అగ్లాయా" అని ఒక్కడు పలకరించిన పాపాన పోలేదు. పైగా నా పుంజు తెల్లవారకముందే కూస్తోందని పంచాయతీ ఆఫీసులో అర్జీ పెట్టారు. పుంజు కూయక పాట పాడుతుందా?

ఇలింకా ఒక్కతే వేరు. పోయిన శీతాకాలం కడుపుతో వచ్చి దిగింది. వసంతంలో నేను టమాటా నారు నాటుతుంటే కంచె దగ్గర నిలబడి, "పిన్నీ, ఈ వాసన ఆ ఆకులదేనా? మా అమ్మమ్మ చేతులు ఇలాగే ఉండేవి" అంది. అంతే, నా మనసు కరిగిపోయింది. మొగుడు దోరు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతే, చీకటి పడ్డాకే తిరిగొచ్చేవాడు. పగలంతా ఇద్దరం కంచెకు చెరోవైపు నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. బిడ్డ పుట్టాక మొదటి స్నానానికి నన్నే పిలిచింది. నా కూతురు ఉండేది ఇటలీలో, దాని పిల్లలకు నేను ఫోనులో కనిపించే ముసలిదాన్ని. సావాను ఒళ్ళో పడుకోబెట్టుకున్న రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఇక మా బావి. మా మామగారు కరువు ఏడాదిలో తవ్వాడు. అప్పట్లో ఊరు ఊరంతా మా వాకిట్లో వరసలో నిలబడేదట. పెళ్ళిళ్ళకు నీళ్ళు మా బావివే. ఏటా జనవరిలో పాదిరిగారు వచ్చి తులసికొమ్మతో దీవించి వెళ్ళేది మా బావినే. నలభై ఆరేళ్ళుగా నేను ఆ నీళ్ళే తాగుతున్నాను. పన్ను నొప్పి తప్ప నాకు రోగమంటే ఏంటో తెలియదు.

జూలైలో ఎండలు ముదిరాయి. కొత్తవాళ్ళు సాయంత్రం రాగానే పచ్చికకు పైపులు పెట్టడం, ఊరి కుళాయిలన్నీ ఎండిపోవడం. ఒక్కోసారి తుప్పు రంగు నీళ్ళు దారంలా వచ్చేవి. దోరు సీసాలు కొనుక్కొచ్చేవాడు. ఒకరోజు ఇలింకా కంచె దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, సీసా నీళ్ళతో పాలపొడి కలిపితే వీడికి పడట్లేదేమో, రాత్రంతా ఒకటే ఏడుపు. మీ నీళ్ళు వాడొచ్చా?"

"వాడొచ్చా అని అడుగుతావేంటే పిల్లా. ప్లాస్టిక్‌లో ఎండకు ఉడికిన నీళ్ళు పోసి పసివాణ్ణి చంపుతున్నావు. రోజూ పొద్దున ఒక క్యాను నేనే తెచ్చి కంచె మీద పెడతా."

"మరి కాచాలా?"

"కాచకుండా ఎలా పోస్తావు? బాగా కాచు. ఇరవై నిమిషాలు తెర్లనివ్వు. మా అత్తగారు అలా కాచి పోసే నలుగుర్ని పెంచింది."

తొమ్మిది రోజులు క్యాను పెట్టాను. ఒక్క రోజు కూడా మరచిపోలేదు.

పదో రోజు పొద్దున తొమ్మిదింటికి కోళ్ళకు గింజలు వేస్తున్నాను. ఇలింకా చెప్పులు లేకుండా మా గేటు తోసుకుని వచ్చింది. బిడ్డ చేతుల్లో ఉన్నాడు. వాడి పెదవులు మల్బరీ పళ్ళు తిన్న పిల్లల నోరులా ఉన్నాయి. గోళ్ళు కూడా ఆ రంగే. ఏడవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు కానీ ఎవర్నీ చూడటం లేదు.

"పిన్నీ, వీడికేమైంది? పిన్నీ, చూడండి, వీడికేమైంది?"

అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తున్నామన్నారు, కానీ పెద్దరోడ్డు మీద లారీ అడ్డం తిరిగిందట, బండ్లు రెండు కిలోమీటర్లు ఆగిపోయాయట. వీధిలోకి పరుగెత్తాను. ఒక గేటు, రెండో గేటు, పదో గేటు, అన్నిటికీ గంట నొక్కాను. ఎవరూ పలకలేదు. నలభై ఇళ్ళున్న వీధిలో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చే బండి ఒక్కటి లేదు. ఊరు ఇంత పెరిగి, ఇంతమంది వచ్చి, అవసరానికి తలుపు తీసే మనిషి లేడు. ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

చివరికి దొరికింది మా కొస్తాకె. చనిపోయిన నా మొగుడికి స్నేహితుడు, డెబ్బై ఏళ్ళవాడు. ఊళ్ళో గొయ్యి తవ్వాలన్నా, పైపు వెయ్యాలన్నా వాడే. వాడి ముసలి కారు వెనక సీటు మీద ఏదో కోడి పెట్టిన గుడ్డు ఉంది. దాన్ని తీసి కిటికీలోంచి పారేసి, "ఎక్కండి" అన్నాడు. రైలు పట్టాల పక్క మట్టిదారిన పోనిచ్చాడు.

"వదినా, ఆ తలుపు గట్టిగా పట్టుకో, దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాడు. నేను ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో ఇలింకా భుజం పట్టుకున్నాను. ఆ పిల్ల దారి పొడుగునా బిడ్డ మొహం మీద ఊదుతూనే ఉంది, ఊదితే ఊపిరి అందుతుందని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి రక్తం తీసింది. రక్తం ఎర్రగా లేదు. కాఫీ రంగులో ఉంది. నా జన్మలో అలాంటిది చూడలేదు. ఆమె ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మా వైపు తిరిగి ఒకటే ప్రశ్న వేసింది.

"పాలు బావి నీళ్ళతో కలుపుతున్నారా?"

జ్వరం ఉందా అని కూడా అడగక ముందే, మా బావి సంగతి ఈవిడకెలా తెలిసింది?

"కాచి పోశాను డాక్టరుగారూ" అంది ఇలింకా. "ఇరవై నిమిషాలు కాచాను."

"కాస్తే పురుగులు చస్తాయమ్మా. ఇది పురుగు కాదు, ఉప్పులాంటిది. మురుగు నేలలోకి ఇంకి నీళ్ళలో కలుస్తుంది. కాచేకొద్దీ నీళ్ళు తగ్గి అది చిక్కబడుతుంది. పెద్దవాళ్ళను ఏమీ చెయ్యదు. ఇంత పసివాళ్ళకైతే రక్తం ఊపిరిని మొయ్యలేదు."

ఇలింకా నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. బిడ్డ నరంలోకి ఏదో నీలం మందు ఎక్కించారు. గంటలో వాడి పెదవులు గులాబీ రంగుకు వచ్చాయి, ఆకలని గుక్కపట్టి ఏడ్చాడు. నర్సులు నవ్వారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆ నీళ్ళు మోసుకెళ్ళి కంచె మీద పెట్టింది ఈ చేతులే.

శనివారం జిల్లా ఆరోగ్య శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు, నెమ్మదైన మనిషి. మా బావి నీళ్ళలో కాగితపు ముక్క ముంచి, రంగు చూసి, ఆ ఉప్పులాంటిది ఉండాల్సినదానికి నాలుగింతలుందన్నాడు. సెలవు రోజు కాబట్టి వీధంతా ఇళ్ళలోనే ఉంది. అందరూ మా వాకిట్లోకి వచ్చారు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వచ్చారా చూడటానికి? చూడండి. మీ నలభై ఇళ్ళ మురుగు ఎక్కడికి పోతుందనుకున్నారు? మా మామగారు తవ్విన బావిలోకి వదిలి, పైగా నా పుంజు మీద అర్జీలు పెడతారా?"

"మాది మూసిన మురుగు ట్యాంకు, పిన్నిగారూ" అన్నాడు దోరు. ఆసుపత్రి నుంచి వచ్చాడు, గడ్డం మాసి ఉంది. "కాగితాలున్నాయి."

"కాగితాలు కంపు కొట్టవులే నాయనా."

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. "తేల్చుకోవచ్చు. ఒక్కో ఇంటి మురుగులో ఒక్కో రంగు పోస్తాం. ఎవరిది బావిలోకి వస్తే ఆ రంగు తేలుతుంది. ముందు దగ్గరున్న రెండిళ్ళు."

"పొయ్యండి. దోరు వాళ్ళింట్లో ఎరుపు పొయ్యండి" అన్నాను.

"మీ ఇంట్లో కూడా పొయ్యాలమ్మా. మీకు ఆకుపచ్చ."

"పోసుకోండి. నాకేం భయం?"

నిజంగానే భయం లేదు. మురుగంటే నా దృష్టిలో కొత్తవాళ్ళది. రెండిళ్ళలోనూ రంగులు పోస్తుంటే కొస్తాకె మాత్రం తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు.

సాయంత్రం వాడు మళ్ళీ వచ్చాడు. లోపలికి రాకుండా గడపలోనే నిలబడ్డాడు.

"వదినా, అయిదేళ్ళ కిందట నీకు ఇంట్లో బాత్రూము కట్టాను, గుర్తుందా?"

"ఉంది. అయితే?"

"పైపు పెరటి చివర పాడుబావిలోకి వదిలాం. గొయ్యి తవ్వడం ఎందుకు, ఉన్నది ఉంది కదా అని."

"అందరూ చేసిందే కదరా. నువ్వే అన్నావు. అది పల్లంలో ఉంది, ఎండిపోయింది, దానికీ దీనికీ సంబంధం లేదన్నావు."

"అన్నాను. కానీ దాని అడుగున కంకర, వదినా. ఈ బావి అడుగునా అదే కంకర. నేనే కదా రెండూ పూడిక తీశాను. కింద అంతా ఒకటే నీరు."

"నోరు మూసుకుని ఇంటికి పో" అన్నాను. వాడు పోయాడు.

ఆ బాత్రూము నేనెందుకు కట్టించానో చెప్పాలి. కొత్తవాళ్ళింట్లో ఉన్నదే నాకూ కావాలని కట్టించాను. వాళ్ళు నన్ను పల్లెటూరిదని నవ్వకూడదని. తెల్లటి పలకలు, మెరిసే కుళాయి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మూడు రోజులు ఎరుపు కోసం ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, దేవుడి పటం ముందు నిలబడి ఎరుపు రానివ్వమని మొక్కుకున్నాను. వాళ్ళదే కావాలని, నాది కాకూడదని. రోజుకు పదిసార్లు చేద వేసి చూశాను. నీళ్ళు తేటగానే ఉన్నాయి, మంచి నీళ్ళలాగే.

నాలుగో రోజు తెల్లవారాక చేద లాగుతుంటే సగంలోనే కనిపించింది. బావి గోడ మీద వెలుగు పడి, బకెట్టులో పచ్చటి పచ్చ. దీపం వెలిగించి నీళ్ళలో ముంచినట్టుంది. ఎరుపు చుక్క కూడా లేదు. బకెట్టు గట్టు మీద పెట్టి, తలకు కట్టుకున్న కండువా తీసి కప్పాను. ఎవరి నుంచి దాస్తున్నానో నాకే తెలియదు. ఇన్‌స్పెక్టరు పదింటికి వస్తానన్నాడు. ఇప్పుడింకా ఆరున్నర. వీధిలో కార్లు కదులుతున్నాయి.

"పిన్నీ."

ఇలింకా కంచె దగ్గర ఉంది. ముందురోజు సాయంత్రమే ఆసుపత్రి నుంచి వచ్చారు. సావా దాని భుజం మీద, నా వైపే మొహం పెట్టి ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడో ఏమో, నోరు తెరిచాడు.

"రంగు వచ్చిందా పిన్నీ?"

కండువా అంచు ఇంకొంచెం కిందికి లాగాను.

"దోరు మా ఇల్లు కట్టినవాణ్ణి పట్టుకుని గట్టిగా అడిగాడు. మా ట్యాంకుకు అడుగు పొయ్యలేదట. గోడలే కట్టి మూత పెట్టారట. మాకు తెలియదు పిన్నీ, ఒట్టు." అంటూ బిడ్డ వీపు నిమిరింది. "ఎరుపే కదా వచ్చింది? మీ బావిని మేమే పాడుచేశాం కదా? మిమ్మల్ని ఆసుపత్రిలో కన్నెత్తి చూడలేదు నేను. మీరే నా కొడుకును ఇలా చేశారనుకున్నాను. మమ్మల్ని క్షమించండి."

ఇంత సులువుగా చేతిలో పెడుతుందనుకోలేదు. బకెట్టు బావిలోకి తోసేసి, అవునమ్మా అంటే చాలు. వాళ్ళ ట్యాంకుకూ అడుగు లేదు, ఇవాళ కాకపోతే రేపైనా ఎరుపు వస్తుంది. ఎవరు కాదంటారు? రేపు మళ్ళీ కంచె దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు, బిడ్డను ఒళ్ళోకి తీసుకోవచ్చు.

వాడు నా వైపే చూస్తున్నాడు.

కండువా తీశాను.

"పచ్చ" అన్నాను. "మాది. పెరట్లో పాడుబావిలోకి పైపు ఉంది. నేనే వేయించాను."

ఇలింకా కంచె మీంచి వంగి బకెట్టులోకి చూసింది. వీధి చివర ఎవరో హారను కొట్టారు.

"ఇరవై నిమిషాలు కాచాను, పిన్నీ" అంది మెల్లగా.

తరవాత సావాను ఈ భుజం మీది నుంచి తీసి, వాడి మొహం నాకు కనిపించకుండా అవతలి భుజం మీద వేసుకుంది.